ఒక్కడి ఒళ్లు, 30 రోజులు

శ్రోతలకు నమస్కారం.

మన ఊళ్లలో 'ఫాస్ట్‌ఫుడ్' అని బోర్డు కనిపిస్తే అక్కడ బర్గర్ దొరుకుతుందని ఎవరూ అనుకోరు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు రోడ్డు పక్కన ఒక బండి వెలుస్తుంది. పెద్ద మంట, దాని మీద ఎగిరెగిరి పడే బాణలి, టకటకమని గరిటె చప్పుడు. ఎగ్ ఫ్రైడ్ రైస్, నూడుల్స్, గోబీ మంచూరియా. మనకు ఫాస్ట్‌ఫుడ్ అంటే అదీ. అందుకే 'సూపర్ సైజ్ మీ' అనే అమెరికా డాక్యుమెంటరీని మొదటిసారి చూసినప్పుడు నేను నిశ్చింతగా చూశాను. ఇది వాళ్ల గొడవ, మనకేంటిలే అనుకున్నాను. చూస్తున్నంతసేపూ నా ఒళ్లో మిక్స్చర్ పొట్లం ఉంది. సినిమా అయ్యేసరికి పొట్లం ఖాళీ. ఆ సంగతి నేను గమనించలేదు, మా ఇంట్లోవాళ్లు గమనించి నవ్వారు.

ఆ సినిమా 2004లో వచ్చింది. తీసినవాడు మోర్గన్ స్పర్లాక్. తనకు 32 ఏళ్ల వయసులో, తన ఒంటి మీద తనే ప్రయోగం చేసుకున్నాడు. 30 రోజులపాటు మూడు పూటలా మెక్‌డొనాల్డ్స్‌లో దొరికేదే తినాలి. మంచినీళ్లు తాగాలన్నా అక్కడ అమ్మే సీసానే కొనాలి. మెనూలో ఉన్న ప్రతి పదార్థాన్నీ ఒక్కసారైనా తినాలి. కౌంటర్‌లో ఉన్నవాళ్లు "సూపర్ సైజ్ చేయమంటారా?" అని అడిగితే కాదనకూడదు. సూపర్ సైజ్ అంటే ఏమిటో చెప్పాలి, అక్కడ ఇచ్చే అన్నిటికంటే పెద్ద కొలత. అందులో కూల్‌డ్రింక్ ఒక్కటే లీటరుంపావు దాకా ఉండేది. మన ఇంటికి చుట్టాలొస్తే నలుగురికి గ్లాసుల్లో పోసే సీసా అన్నమాట. అది ఒక మనిషికి, ఒక పూటకు. పైగా సగటు అమెరికన్ ఎంత తక్కువ నడుస్తాడో తానూ అంతే నడవాలని, రోజుకు సుమారు 5,000 అడుగులకు మించకుండా చూసుకున్నాడు.

రెండో రోజే కారు కిటికీలోంచి వాంతి చేసుకున్నాడు. ఆ దృశ్యం చూసినవాళ్లెవరూ మర్చిపోరు. నెల గడిచేసరికి 84 కిలోల మనిషి 95 కిలోలయ్యాడు. 11 కిలోలు! వంటింట్లో గ్యాస్ బండ ఉంటుంది కదా, నిండు బండలో ఉండే గ్యాస్ 14 కిలోల చిల్లర. అందులో ముప్పాతిక వంతు బరువును నెల రోజుల్లో ఒంటికి ఎక్కించుకున్నాడు. కొలెస్టరాల్ 65 పాయింట్లు పెరిగింది. లివర్ పరీక్షలు చూసిన డాక్టర్లు కంగారుపడి, ఇక ఆపేయమన్నారు. పెరిగిన బరువు దించుకోవడానికి అతనికి ఏడాది పైనే పట్టింది.

ఈ ఆలోచన అతనికి ఒక కోర్టు కేసు వార్త చూసి వచ్చిందట. 2002లో న్యూయార్క్‌లో ఇద్దరు అమ్మాయిల తరఫున మెక్‌డొనాల్డ్స్ మీద కేసు వేశారు, మీ తిండి వల్లే మా పిల్లలు ఇంత లావయ్యారని. 2003 జనవరిలో జడ్జి ఆ కేసును కొట్టేశారు. ఎక్కువ తింటే లావవుతారని అందరికీ తెలిసిందేగా అన్నది ఆ వాదనల్లో తేలిన మాట. అయితే ఆ తిండి రోజూ తింటే నిజంగా ఏమవుతుందో చూద్దాం పదండి అని స్పర్లాక్ బయల్దేరాడు.

సుమారు 65,000 డాలర్ల ఖర్చుతో తీసిన ఆ సినిమా ప్రపంచమంతా కలిపి రెండు కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. సన్‌డాన్స్ సినిమా ఉత్సవంలో దర్శకుడి బహుమతి వచ్చింది, ఆస్కార్‌కు నామినేషన్ వచ్చింది. సినిమా హాళ్లలోకి రాకముందే, 2004 మార్చిలో, సూపర్ సైజ్‌ను తీసేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. సినిమాకూ దీనికీ సంబంధం లేదని కూడా అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్న సామెత మీకు గుర్తొస్తే ఆ తప్పు నాది కాదు.

ఇంతవరకూ కథ బాగుంది. నేను కూడా చాలా ఏళ్లు ఈ కథనే నలుగురికీ చెప్పాను. తర్వాత జరిగింది చెప్పేవాళ్లు తక్కువ.

ఆ నెల రోజులూ ఏ పూట ఏం తిన్నాడో రాసిన లెక్క బయటపెట్టమని కొందరు అడిగారు. స్పర్లాక్ బయటపెట్టలేదు. 2009లో టామ్ నాటన్ అనే ఆయన 'ఫ్యాట్ హెడ్' అని ఎదురు డాక్యుమెంటరీ తీశాడు. ఆయనా ఫాస్ట్‌ఫుడ్డే తిన్నాడు, కాకపోతే లెక్క చూసుకుని తిన్నాడు. బరువు తగ్గాడు. 2010లో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పోషకాహారం బోధించే మార్క్ హాబ్ అనే ప్రొఫెసర్ 10 వారాలు ఎక్కువగా క్రీమ్ కేకులు, బిస్కెట్లు, చిప్స్ తిని, మొత్తం రోజుకు 1,800 కేలరీలు దాటకుండా చూసుకుని, 12 కిలోలు తగ్గి చూపించాడు. ఆ తర్వాత అయోవా రాష్ట్రంలో ఒక సైన్స్ టీచర్ 90 రోజులు మెక్‌డొనాల్డ్స్‌లోనే తిన్నాడు. రోజుకు 2,000 కేలరీల మెనూ ఆయన శిష్యులే వేసిచ్చారు. రోజూ ముప్పావుగంట నడిచాడు. దాదాపు 17 కిలోలు తగ్గాడు. కొసమెరుపు ఏమిటంటే, తర్వాత ఆయన అదే కంపెనీ తరఫున ప్రచారకర్త అయ్యాడు.

చూశారా, అదే తిండి. ఒకడు పెరిగాడు, ఇంకొకడు తగ్గాడు. ఎవరిని నమ్మాలి?

అసలు దెబ్బ 2017 డిసెంబరులో తగిలింది. స్పర్లాకే ఒక బహిరంగ లేఖ రాశాడు. అందులో ఆడవాళ్ల పట్ల తాను చేసిన తప్పులు ఒప్పుకున్నాడు. దాంతోపాటు ఇంకో మాట రాశాడు. 13 ఏళ్ల వయసు నుంచీ తాను తాగుతూనే ఉన్నానని, 30 ఏళ్లలో వారానికి మించి తాగకుండా ఉన్నది లేదని. ఇప్పుడు ఆ సినిమాను మళ్లీ చూడండి. మొదట్లో డాక్టరు మందు అలవాటు ఉందా అని అడుగుతాడు. ఇప్పుడు లేదంటాడు మనవాడు. చివర్లో లివర్ పరీక్ష చూసి, ఇది తాగుబోతు లివర్‌లా ఉందే అని డాక్టర్లు ఆశ్చర్యపోతారు. మనం కూడా నోరెళ్లబెట్టి, అమ్మో బర్గరు ఎంత పని చేసిందీ అనుకున్నాం. ఆ లేఖ చదివాక నాకు కోపం వచ్చిన మాట నిజం. డాక్టరు దగ్గర దాచడం మనందరం చేసే పనే. షుగర్ పరీక్షకు ముందు రెండు రోజులు స్వీట్లు మానేసి, రిపోర్టు బాగుందని మురిసిపోయేవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది లేరు? కానీ ఈయన తన ఒంటినే సాక్ష్యంగా లోకానికి చూపించాడు కదా.

అయితే ఆయన చెప్పిందంతా అబద్ధమని తీసిపారేయడానికీ లేదు. ఈ సినిమా చూసే, స్వీడన్‌లో లిన్‌షాపింగ్ యూనివర్సిటీ డాక్టర్లు 18 మంది ఆరోగ్యవంతులైన కుర్రవాళ్లను, అమ్మాయిలను తీసుకున్నారు. నాలుగు వారాలు రోజూ కనీసం రెండు పూటలు ఫాస్ట్‌ఫుడ్, మామూలుగా తినేదానికి రెట్టింపు కేలరీలు, నడక 5,000 అడుగుల లోపు. సగటున ఆరు కిలోల చిల్లర పెరిగారు. చాలామందిలో లివర్ ఎంజైములు అమాంతం పెరిగాయి. అంటే మందు సంగతి పక్కన పెట్టినా, అంత తిండి అంత తక్కువ రోజుల్లో లివర్‌ను ఇబ్బంది పెట్టగలదన్నమాట. ఆ పరిశోధన 2008లో అచ్చయింది. దాని మీద ఎవరూ సినిమా తీయలేదు.

స్పర్లాక్ చూపిన దారిలో ఆ తర్వాత చాలామంది నడిచారు. ఆస్ట్రేలియా నటుడు డేమన్ గేమో 2014లో 'దట్ షుగర్ ఫిల్మ్' తీశాడు. 60 రోజులు, రోజుకు 40 చెంచాల చక్కెర. కానీ చాక్లెట్టు, ఐస్‌క్రీము, కూల్‌డ్రింక్ ముట్టుకోకూడదని నియమం. మరి అంత చక్కెర ఎక్కడి నుంచి? కొవ్వు తక్కువ అని రాసి ఉన్న పెరుగు, పండ్లరసం, పొద్దున పాలల్లో వేసుకునే తృణధాన్యాల మిశ్రమం. అంటే 'ఆరోగ్యం' అని అట్ట మీద రాసి ఉన్నవన్నీ. ఎనిమిదిన్నర కిలోలు పెరిగాడు. నా వరకు ఈ సినిమా స్పర్లాక్ సినిమా కంటే తెలివైనది. ఎందుకంటే బర్గర్ తినేవాడికి తాను చేస్తున్నది తెలుసు, డబ్బా జ్యూస్ పిల్లాడి చేతికిచ్చే తల్లికి తెలియదు. ఇక 2017లో వచ్చిన 'వాట్ ద హెల్త్' అయితే రోజుకో గుడ్డు తినడం అయిదు సిగరెట్లు కాల్చడంతో సమానం అనేదాకా వెళ్లింది. దాని గురించి ఇంతకంటే మాట్లాడను. గుడ్డు పెడితేనే పిల్లలు బడికొచ్చే ఊళ్లు మనవి.

ఒక మనిషి నిలబడి "నేను ఇది తిన్నాను, నాకు ఇలా అయింది" అంటే మనం కదిలిపోతాం. కొన్నేళ్ల కిందట కొబ్బరినూనె, నిమ్మకాయలతో తెలుగునాట ఊరూరా సాగిన డైట్ గుర్తుందా? అప్పట్లో ఏ పెళ్లికెళ్లినా ఒకాయన బంతిలో అన్నం వద్దని, ఎన్ని కిలోలు తగ్గాడో చెప్పేవాడు. చొక్కా వదులైన సంగతి చేత్తో పట్టుకుని చూపించేవాడు. ఆ చొక్కా ముందు ఏ పరిశోధన నిలబడుతుంది చెప్పండి? రెండేళ్ల తర్వాత ఆ చొక్కా ఎలా ఉందో మాత్రం ఎవరూ అడగరు.

నన్ను నిజంగా కదిలించిన ప్రయోగంలో హీరో లేడు, వాంతి లేదు, సంగీతం లేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో కెవిన్ హాల్ బృందం చేసిన ఆ ప్రయోగం 2019లో అచ్చయింది. 20 మందిని 28 రోజులు ఆసుపత్రి వార్డులోనే ఉంచారు. సగం రోజులు ఫ్యాక్టరీలో తయారైన తిండి, సగం రోజులు వంటింట్లో చేసినట్టుండే మామూలు తిండి. పైకి చూస్తే సరిసమానం. రెండు రకాల ట్రేలలోనూ కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు ఒకేలా ఉండేట్టు లెక్కగట్టారు. ఫ్యాక్టరీ తిండిలో పీచు తక్కువైతే దాన్ని నిమ్మరసం లాంటి పానీయంలో కలిపి మరీ ఇచ్చారు. తినడం మాత్రం వాళ్లిష్టం. ఎంత కావాలంటే అంత.

ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో ఒక్కొక్కరూ రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. అంటే ఓ అయిదు పుల్కాలు అదనంగా తిన్నట్టు. రెండు వారాల్లో దాదాపు ఒక కిలో పెరిగారు. మామూలు తిండి తిన్న రెండు వారాల్లో దాదాపు అంతే తగ్గారు. రుచి ఎక్కువై తిన్నారేమో అనుకుంటాం. అదీ కాదు. రుచి ఎలా ఉందని అడిగితే రెండింటికీ ఒకేలా మార్కులేశారు. తేడా ఎక్కడంటే, ఫ్యాక్టరీ తిండిని గబగబా తిన్నారు. మెత్తగా ఉంటుంది, నమిలే పని తక్కువ. కడుపు నిండిందని మెదడుకు కబురు అందేలోపే ప్లేటు ఖాళీ. ఇంకో సంగతి కూడా ఆ పరిశోధకులు లెక్కగట్టారు. రోజుకు 2,000 కేలరీల చొప్పున వారానికి సరిపడా ఫ్యాక్టరీ తిండికి 106 డాలర్లయితే, మామూలు తిండికి 151 డాలర్లు. వండే శ్రమ వేరే. డాక్యుమెంటరీల్లో లావైనవాళ్ల పొట్టలను మొహాలు కనపడకుండా చూపిస్తారు చూడండి, అది నాకు ఎప్పుడూ నచ్చదు. ఈ 45 డాలర్ల తేడాను అంత దగ్గరగా చూపించినవాళ్లను నేను చూడలేదు.

మళ్లీ మన బండి దగ్గరికి వద్దాం. ఆ ఫ్రైడ్ రైస్ ఫ్యాక్టరీలో తయారైనది కాదు, మన కళ్లముందే వండింది. అలాగని మంచిదని కాదు, ఆ నూనె, ఆ ఉప్పు, ఆ ఎర్ర సాసు మనం చూస్తూనే ఉన్నాం. కానీ రోజూ తినం కదా. మరి రోజూ తినేదేమిటి? టీతో బిస్కెట్, పిల్లల డబ్బాలో చిప్స్, రాత్రి టైం లేకపోతే రెండు నిమిషాల నూడుల్స్. వీటికి బోర్డు ఉండదు, ఫాస్ట్‌ఫుడ్ అని ఎవరూ పిలవరు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఇలాంటి బాగా ప్రాసెస్ చేసిన తిండిని తగ్గించమని, ప్యాకెట్ వెనక రాసింది చదవమని చెప్పింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని అంచనా వేసింది. ఇంతమందిలో బర్గర్ ఎప్పుడూ తిననివాళ్లు ఎందరో మీరే ఊహించుకోండి. మూడు పూటలా తెల్లన్నం, ఇడ్లీ, దోసె మనకూ ఉన్నాయి కదా.

స్పర్లాక్ 2024 మే నెలలో క్యాన్సర్‌తో చనిపోయాడు, 53 ఏళ్లకే. అంతకు చాలా ముందే, ఆ లేఖ రాయకముందే, ఆయన 'సూపర్ సైజ్ మీ' రెండో భాగం తీశాడు. ఈసారి తనే కోళ్లు పెంచి, ఒహాయోలో చికెన్ హోటల్ తెరిచాడు. ముక్కల మీద నిప్పుల మీద కాల్చినట్టు నల్లగీతలు కనిపిస్తాయి. అవి కాల్చితే వచ్చినవి కావు, రంగు పూసినవి. ఆ సంగతి హోటల్ గోడ మీద రాసి మరీ అమ్మాడు. నా లెక్కలో మొదటి సినిమా కంటే ఇదే నిజాయితీగా ఉంది. కానీ ఆ లేఖ తర్వాత దాన్ని చూసినవాళ్లు తక్కువ.

ఈ ప్రసంగం రాస్తూ వారం రోజులుగా నేను గడియారం ముందు పెట్టుకుని తింటున్నాను. జొన్నరొట్టె, పప్పు తినడానికి నాకు 18 నిమిషాలు పట్టింది. చిప్స్ ప్యాకెట్‌కు నాలుగు. మా ఇంట్లోవాళ్లు మళ్లీ నవ్వారు. ఇది కూడా ఒక్కడి ప్రయోగమే కాబట్టి నా మాట నమ్మకండి. మీ ఇంట్లో గడియారం ఉంటే ఈ రాత్రికి మీరే చూసుకోండి.

నమస్కారం.