ఆ క్లాస్ ఉందో లేదో ముందు చూడండి

అందరికీ నమస్కారం. ఈ రోజు వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీలో ఒకే ఒక్క ఫంక్షన్ గురించి మాట్లాడతాను. దాని పేరు క్లాస్_ఎగ్జిస్ట్స్. ఫలానా పేరుతో క్లాస్, అంటే ఒక పనికి కావలసిన కోడంతా ఒకచోట పెట్టిన మూస, ఉందా అని అడిగితే ఉంది, లేదు అని చెబుతుంది. అంతే దాని పని.

2018లో ఒక బట్టల షాపు సైటుకి ప్లగిన్ రాసిచ్చాను. సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే అదనపు కోడే ప్లగిన్. ఆన్‌లైన్ అమ్మకాలు నడిపే ఇంకో ప్లగిన్ వూకామర్స్ నుంచి క్లాస్ ఒకటి తీసుకుని, బిల్లును బట్టి డెలివరీ ఛార్జీ మార్చే ప్లగిన్ అది. ఓ ఆదివారం షాపువాళ్ళు ఏదో పనిమీద వూకామర్స్‌ని డీయాక్టివేట్ చేశారు. సైటంతా తెల్ల పేజీ! అడ్మిన్ కూడా తెరుచుకోలేదు. లాగ్‌లో ‘క్లాస్ నాట్ ఫౌండ్’ అని ఒక్క లైను, ఆ క్లాస్‌ని వాడటానికి నేను ‘న్యూ’ రాసిన చోటే. సర్వర్‌లోని ఫైళ్ళను నేరుగా మార్చుకునే ఎఫ్‌టీపీలోకి వెళ్ళి నా ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చాక గానీ సైటు లేవలేదు. ఆ గంటసేపు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

వెంటనే ఫైలు మొదట్లోనే క్లాస్_ఎగ్జిస్ట్స్‌తో చెక్ పెట్టాను. ఈసారి వూకామర్స్ ఆన్‌లో ఉన్నా లేదనే జవాబొచ్చింది. కారణం ఏంటంటే, వర్డ్‌ప్రెస్ ప్లగిన్లను ఒకదాని తర్వాత ఒకటి, మామూలుగా అక్షర క్రమంలో లోడ్ చేస్తుంది. నా ఫోల్డర్ పేరు ‘డీ’తో మొదలవుతుంది, వూకామర్స్‌ది ‘డబ్ల్యూ’తో. పెళ్ళివారు దారిలో ఉండగానే రాలేదని తేల్చేసినట్టయింది. ఆ చెక్‌ని ప్లగిన్స్_లోడెడ్ హుక్‌లోకి, అంటే ప్లగిన్లన్నీ లోడ్ అయ్యాక నడిచే చోటికి, మార్చితే సరిపోయింది.

పేరు దగ్గరా జాగ్రత్త. కోట్స్‌లో ఇచ్చే పేరుకి, పొడవాటి పేర్లను పొట్టిగా వాడుకోవడానికి ఫైలు పైన రాసే ‘యూజ్’ లైన్లు వర్తించవు, నేమ్‌స్పేస్‌తో (క్లాస్ పేరుకి ముందుండే ఇంటిపేరు లాంటిది) సహా పూర్తి పేరు ఇవ్వాలి. క్లాస్ పేరు పక్కన రెండు కోలన్లు, ‘క్లాస్’ అని రాయడం ఇంకా మేలు. అసలు ఆ క్లాస్ లేకపోయినా ఆ రాత వల్ల ఎర్రర్ రాదు. ఇంకో సంగతి, క్లాస్ మెమరీలో లేకపోతే ఈ ఫంక్షన్ ఆటోలోడర్‌ని, అంటే క్లాస్ పేరును బట్టి దాని ఫైలు వెతికి తెచ్చే కోడ్‌ని, కూడా పిలుస్తుంది. పీహెచ్‌పీ క్లాస్ పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడదు గానీ లినక్స్ ఫైలు పేర్లలో చూస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో ‘ఉంది’ అన్న క్లాస్ సర్వర్‌లో ‘లేదు’ అయ్యేది ఇందుకే.

నన్నడిగితే అసలు ప్రశ్న, లేకపోతే ఏం చేస్తాం అన్నది. మరో సైటులో ఎస్సెమ్మెస్ లైబ్రరీ క్లాస్ లేకపోతే ఊరుకునేలా రాశాను. లైబ్రరీలను తెచ్చిపెట్టే ‘కంపోజర్ ఇన్‌స్టాల్’ కమాండ్‌ని సర్వర్‌లో నడపడం మర్చిపోయాం. రెండు రోజులు ఒక్క కస్టమర్‌కీ మెసేజ్ వెళ్ళలేదు, లాగ్‌లో ఒక్క ఎర్రరూ లేదు. తెల్ల పేజీ కంటే ఇదే ఎక్కువ నష్టం చేసింది. తప్పనిసరి క్లాస్‌కి చెక్ పెట్టకండి, ఎర్రర్ రానివ్వండి. పీహెచ్‌పీ 7 నుంచి ఆ ఎర్రర్‌ని కోడ్‌లోనే ‘క్యాచ్’ దగ్గర త్రోవబుల్ అని రాసి పట్టుకోవచ్చు, ఎక్సెప్షన్ అని రాస్తే మాత్రం దొరకదు. ఉన్నా లేకపోయినా పని నడిచే క్లాస్‌కే చెక్ పెట్టండి. లేనప్పుడు అడ్మిన్‌కి కనబడేలా ఒక నోటీసు చూపించండి.

2024లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.5లో, నా ప్లగిన్‌కి ఫలానా ప్లగిన్ కావాలని హెడర్‌లోనే, అంటే ప్లగిన్ ఫైలు పైన ఉండే వివరాల్లోనే, రాసే వీలొచ్చింది. అది ఉంటే వూకామర్స్‌ని అడ్మిన్ పేజీలోంచి డీయాక్టివేట్ చేయనివ్వదు. కానీ ఎఫ్‌టీపీలో ఎవరైనా ఫోల్డరే తీసేస్తే హెడర్ ఆపలేదు. అందుకే హెడర్ రాశాక కూడా ఆ పాత చెక్‌ని నేను తీయలేదు.