సరుకుతో గెలవడం, దారి కాయడం

అందరికీ నమస్కారం.

ఒక డబ్బా కథతో మొదలుపెడతాను. అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ విదేశాలకు పంపే కిరోసిన్ డబ్బా అది. మూతకు సోల్డర్, అంటే అతికించే కరిగించిన లోహం, వేస్తున్న చోట కంపెనీ అధిపతి రాక్‌ఫెల్లర్ ఒకరోజు ఆగి, డబ్బాకు ఎన్ని చుక్కలు పడుతున్నాయని అడిగారు. 40 అన్నారు. 38తో చేసి చూడమన్నారు. కొన్ని డబ్బాలు కారాయి. 39 వేస్తే ఒక్కటీ కారలేదు. అప్పటినుంచి 39 చుక్కలే. ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నారు.

వ్యాపార పాఠాల్లో ఈ కథ ఇక్కడితో ఆగిపోతుంది. ఒక్క చుక్క కూడా వృథా పోనివ్వలేదు, అందుకే అంతవాడయ్యాడు అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ కంపెనీ చరిత్ర ఇంకా చదివాక నా అభిప్రాయం మారింది.

1885లో ఒహాయో రాష్ట్రంలోని మారియెట్టా ఊళ్లో జార్జ్ రైస్ అని ఒక చిన్న రిఫైనరీ యజమాని ఉండేవాడు. రైల్లో ముడి చమురు తెచ్చుకోవడానికి పీపాకు 17.5 సెంట్లు కట్టేవాడు. ఉన్నట్టుండి అది 35 సెంట్లు అయింది. స్టాండర్డ్ ఆయిల్ కట్టేది మాత్రం 10 సెంట్లే. ఇంతవరకూ పెద్ద ఖాతాదారుకు రాయితీ ఇచ్చారని సర్దిచెప్పుకోవచ్చు. అసలు విషయం తర్వాత కోర్టులో బయటపడింది. రైస్ కట్టే 35 సెంట్లలో 25 సెంట్లు రైల్వే తీసుకెళ్లి స్టాండర్డ్ ఆయిల్‌కు ఇవ్వాలని ఒప్పందం ఉంది.

ఒక్క నిమిషం ఆలోచించండి. రైస్ రాత్రింబవళ్లు కష్టపడి ఇంకో వంద పీపాలు ఎక్కువ తెచ్చుకుంటే, పోటీదారుడి జేబులోకి ఇంకో 25 డాలర్లు వెళతాయి. తన కష్టమే తనను ఓడించే పెట్టుబడి అవుతుంది. ఇలాంటి చోట మంచి సరుకు చేసి ఏం లాభం?

అందుకే నేను పరిశ్రమలను ఏలినవాళ్ల బలాన్ని రెండుగా చూస్తాను. ఒకటి పనిలోంచి పుట్టిన బలం. 39వ చుక్క అలాంటిది. రెండోది పోటీదారుడు తప్పక నడవాల్సిన దారిని పట్టుకుని కూర్చోవడం. మన భాషలో దాన్ని దారి కాయడం అంటాం. చిక్కేమిటంటే, చాలాసార్లు ఈ రెండూ ఒకే మనిషి చేతిలో ఉంటాయి. మొదటిది చూసి మనం చప్పట్లు కొడుతున్నప్పుడు రెండోది కంటపడదు.

1872లో క్లీవ్‌లాండ్ నగరంలో రాక్‌ఫెల్లర్‌కు 26 మంది పోటీదారులు ఉండేవారు. కొద్ది వారాల్లోనే వారిలో 22 మంది రిఫైనరీలను ఆయన కొనేశారు. ఆ సమయంలోనే పెద్ద రైల్వేలతో కలిసి, పోటీదారులకు రైలు చార్జీలు పెంచే ఒక రహస్య పథకంలో ఆయన ఉన్నారు. చమురు బావుల యజమానులు తిరగబడటంతో ఆ పథకం అమలు కాకుండానే మూతపడింది. కానీ అమ్ముకునేవాళ్లను భయపెట్టడానికి ఆ వార్త ఒక్కటే చాలు. రైలు వాళ్ల చేతిలో ఉంటే నా రిఫైనరీ విలువ ఎంత అని ఎవరికి వారే లెక్క వేసుకున్నారు.

కాలం మారింది, దారి రూపం మారింది. మైక్రోసాఫ్ట్ కంప్యూటర్ తయారీదారులతో ఒక రకం లైసెన్సు ఒప్పందం చేసుకునేది. ఫ్యాక్టరీ నుంచి ఎన్ని కంప్యూటర్లు బయటికి వెళితే అన్నింటికీ డబ్బు కట్టాలి. అందులో మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ ఉన్నా లేకపోయినా సరే. అప్పుడు ఎవరైనా ఇంకో కంపెనీ సాఫ్ట్‌వేర్ వేయాలంటే రెండుసార్లు డబ్బు కట్టినట్టే. నాకైతే ఇది రైస్ కట్టిన 25 సెంట్లకు దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది. 1994లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన రాజీతో ఆ పద్ధతి ఆగింది.

గూగుల్ సంగతీ అంతే. దాని సెర్చ్ బాగుంటుంది, అందులో సందేహం లేదు. అంత బాగున్నప్పుడు ఫోన్లలో, బ్రౌజర్లలో ముందే తానే ఉండేలా 2021లో ఒక్క ఏడాదే 2,630 కోట్ల డాలర్లు ఎందుకు చెల్లించింది? చాలామంది సెట్టింగ్స్ మార్చుకోరు కాబట్టి. 2024 ఆగస్టులో అమెరికా న్యాయమూర్తి అమిత్ మెహతా, ఆ కంపెనీ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని తీర్పు చెప్పారు.

మరి దారి మూసేస్తే వేరే దారి వేసుకోలేమా? 1879లో చిన్న చమురు వ్యాపారులు అదే చేశారు. టైడ్‌వాటర్ అనే కంపెనీ పెట్టి, అలిగెనీ కొండల మీదుగా వంద మైళ్లకు పైగా పైప్‌లైన్ వేశారు. అంత దూరం, అంత ఎత్తు మీదుగా చమురు పారుతుందని చాలామంది నమ్మలేదు. స్టాండర్డ్ ఆయిల్ అడ్డంగా భూములు కొనుక్కుంటూ వచ్చింది. వీళ్లు చుట్టూ తిరిగి పైపులు వేశారు. చమురు కొండ దాటింది! ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కానీ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. స్టాండర్డ్ ఆయిల్ తన సొంత పైప్‌లైన్లు వేసింది, టైడ్‌వాటర్‌లోనే వాటాలు కొంది. 1883లో ఇద్దరూ వ్యాపారం పంచుకున్నారు. స్టాండర్డ్‌కు 88.5 శాతం, టైడ్‌వాటర్‌కు 11.5 శాతం.

మీలో రేపు కంపెనీలు పెట్టేవాళ్లు ఉన్నారు. మీ సరుకు ఎంత బాగుందో చూసుకునే ముందు, అది కొనేవాడి దగ్గరికి ఎవరి చేతుల మీదుగా వెళుతుందో కాగితం మీద గీసి చూడండి. ఆ గీతలో ఎక్కడో ఒకచోట మీ పోటీదారుడే కూర్చుని ఉంటే, ఆ టెన్షన్ ఇప్పుడే పడటం మంచిది. చట్టం వస్తుంది కదా అంటారేమో. వస్తుంది. 1911లో అమెరికా సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ను 34 కంపెనీలుగా విడగొట్టింది. జార్జ్ రైస్‌తో పీపాకు 35 సెంట్లు కట్టించిన రోజుకూ ఆ తీర్పుకూ మధ్య 26 ఏళ్లు గడిచాయి. ఆ మధ్యలో మూతపడిన రిఫైనరీలను ఆ తీర్పు తిరిగి తెరవలేదు.