వేసుకున్నావా అని కాదు, ఎలా ఉంటోంది అని

అందరికీ నమస్కారం అండి. ఏదో పనిలో ఉండి వింటున్నా పర్లేదు, కానీ మీ ఇంట్లో ఎవరైనా మానసిక సమస్యకి మందులు వాడుతుంటే మాత్రం ఈ కాసేపు కాస్త చెవి ఇటు పెట్టండి.

మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా, అంటే లేని మాటలు వినపడడం, లేనిపోని నమ్మకాలు పట్టుకోవడం లాంటివి ఉండే మానసిక జబ్బు. ఒకరోజు వాడి దిండు గలేబు ఉతుకుదామని తీసి దులిపితే లోపల్నుంచి ట్యాబ్లెట్లు రాలాయి, ఒకటో రెండో కాదు, పదిహేడు. కొన్నిటికి పైన రంగు కరిగిపోయి తెల్లగా గరుగ్గా అయిపోయున్నాయి, అంటే నోట్లో పెట్టుకుని నేను అటు తిరగ్గానే తీసేసి దాచినవన్నమాట. నేనేమో రోజూ రాత్రి ఎదురుగా నిలబడి నీళ్ళ గ్లాసు చేతికిచ్చి, మింగాడు కదా అని నిశ్చింతగా వెళ్ళి పడుకునేదాన్ని. ఆరోజు వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టేశా, నీకోసం ఇంత చేస్తుంటే నువ్వు చేసేది ఇదా అని. వాడు తలొంచుకుని అంతా విని, "అక్కా, అది వేసుకుంటే కాళ్ళు ఒకచోట నిలవట్లేదు, కూర్చోలేను, పడుకోలేను, లోపల్నుంచి ఎవరో తోస్తున్నట్టుంటుంది" అన్నాడు. అంతకుముందు ఎన్నో రాత్రిళ్ళు వాడు గదిలో అటూ ఇటూ తిరగడం నాకు వినపడింది, అది జబ్బే అనుకున్నా. కాదు, అది మందు వల్ల.

దానికి అకతీషియా అని పేరుంది. సైకోసిస్‌కి, అంటే ఇలా నిజానికీ భ్రమకీ తేడా తెలియని స్థితికి, ఇచ్చే మందులతో వస్తుంటుంది, డోస్ తగ్గించో, మందు మార్చో, ప్రొప్రనలాల్ లాంటిది తోడిచ్చో డాక్టర్లు సర్దుతారు. చెబితే! వాడు చెప్పాలంటే ముందు ఎవరో ఒకరు అడగాలి కదండీ. నేను రోజూ అడిగింది ఒకటే, వేసుకున్నావా, వేసుకున్నావా. అది పోలీసు ప్రశ్న, దానికి "ఆ" తప్ప ఇంకో జవాబు రాదు. వేసుకుంటే ఎలా ఉంటోందిరా అని ఒక్కసారి అడిగుంటే ఆ పదిహేడూ గలేబులోకి వెళ్ళేవి కావని ఇప్పటికీ అనిపిస్తుంది.

మందులు మానేసేవాళ్ళు మొండివాళ్ళు అనుకోకండి. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రిపోర్టులో చెప్పింది, డబ్బున్న దేశాల్లో కూడా దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ళలో దాదాపు సగం మందే మందులు సరిగ్గా వాడుతున్నారని. బీపీ, షుగర్, ఆస్తమా అన్నీ అందులోవే. బీపీ ట్యాబ్లెట్ మర్చిపోతే మతిమరుపు అంటాం, మానసిక రోగి మర్చిపోతే చూశారా వీడి పిచ్చి అంటాం, ఇది చాలా అన్యాయం.

ఇంకోటి, చాలామంది మానేసేది బాగైన తర్వాతే. నిద్ర పడుతోంది, మనుషులతో మాట్లాడుతున్నా, ఇంక ఇవెందుకు అనిపిస్తుంది, ఎవరికైనా అనిపిస్తుంది. డిప్రెషన్ మందుల్లో అయితే ఇంకో చిక్కుంది, నోరు ఎండడం, వికారం లాంటివి మొదటి వారంలోనే వచ్చేస్తాయి, మేలు కనపడ్డానికి మాత్రం 2 నుంచి 4 వారాలు, ఒక్కోసారి 6 నుంచి 8 వారాలు కూడా పడుతుంది, అంటే బాధ ముందు, ఫలితం తర్వాత. ఆ మధ్య రోజుల్లోనే మనిషికి మీరు పక్కన కావాలి. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు. టక్కున ఆపితే కళ్ళు తిరుగుతాయి, తలలో కరెంటు కొట్టినట్టుంటుంది, దాన్ని చూసి బాబోయ్ ఈ మందుకి బానిసైపోయా అనుకుంటారు, అది వ్యసనం కాదండి, డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాల్సినదాన్ని ఒక్కసారిగా ఆపడం వల్ల వచ్చేది.

కొందరైతే నాకసలు జబ్బే లేదంటారు. అబద్ధం కాదది, జబ్బు ఉందన్న సంగతి తెలుసుకునే శక్తినే జబ్బు దెబ్బకొడుతుంది. 1914లో బబిన్‌స్కీ అనే ఫ్రెంచ్ న్యూరాలజిస్టు, చెయ్యి పడిపోయినా పడిపోలేదనే పేషెంట్లని చూసి దీనికి అనోసాగ్నోసియా అని పేరుపెట్టాడు, ఇప్పుడు సైకోసిస్ విషయంలోనూ ఆ మాట వాడుతున్నారు. అలాంటివాళ్ళతో జబ్బుందా లేదా అని వాదించి గెలిచినవాళ్ళని నేనింతవరకు చూడలేదు. నిద్ర పట్టట్లేదు అంటారా, సరే నిద్ర కోసం చూపించుకుందాం అనండి, అక్కడ ఒప్పుకుంటారు.

తెలియకుండా తినేదాంట్లో కలిపి పెట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ తల్లుల అవస్థ నాకు తెలుసు, కానీ దయచేసి వద్దు. నాకేదో కలిపి పెడుతున్నారు అనే భయంతో ఉన్న మనిషికి నిజంగానే కలిపి పెడితే, తెలిసిన రోజు మీ చేతి ముద్ద ఇంక ముట్టడు.

రోజూ మింగడం కష్టమైతే ఇంజెక్షన్లున్నాయి, రెండు వారాలకి, నెలకి, కొన్ని మూడు నెలలకొకసారి, అది అడగండి. చాలామందికి అడగొచ్చని కూడా తెలీదు. డాక్టర్ దగ్గర దొరికేది కొద్ది నిమిషాలే కాబట్టి బరువెంత పెరిగింది, నిద్రెలా ఉంది, చేతులు వణుకుతున్నాయా, పెళ్ళైనవాళ్ళైతే చెప్పుకోడానికి సిగ్గుపడే ఇబ్బందులు కూడా, అన్నీ కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి, వీలైతే పేషెంటు చేతే రాయించండి. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు కలిపి వేసెయ్యకండి. స్కిజోఫ్రెనియాకిచ్చే క్లోజపిన్ అనే మందైతే రెండు రోజులు దాటి ఆగిపోతే పాత డోస్ అలా మళ్ళీ మొదలుపెట్టకూడదు, డాక్టర్‌కి ఫోన్ చెయ్యాల్సిందే. మూడ్ మరీ పైకీ కిందకీ పోకుండా ఇచ్చే లిథియం వాడేవాళ్ళకి వాంతులు విరేచనాలైనా, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకున్నా రక్తంలో లిథియం పెరిగిపోవచ్చు, ఇది వాళ్ళకే కాదు, ఇంట్లో వాళ్ళకీ తెలిసుండాలి. చచ్చిపోతానన్న మాట ఎప్పుడు వచ్చినా రేపు చూద్దాం అనుకోకుండా అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

మా తమ్ముడికి ఇప్పుడు నెలకో ఇంజెక్షన్. మందు మార్చాక కాళ్ళు నిమ్మళించాయి, బరువు మాత్రం పెరిగాడు, దాని గురించి ఇంకా గొడవపడుతూనే ఉన్నాం, డాక్టర్ దగ్గర కూడా వాడే గట్టిగా అడుగుతున్నాడు. వచ్చే ఇంజెక్షన్ తేదీ క్యాలెండర్‌లో వాడే ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టుకున్నాడు, పక్కన చిన్నక్షరాలతో "అక్క రానక్కర్లేదు" అని రాసుకున్నాడు.

ఉంటానండి, నమస్కారం.