ఎవెలిన్ హ్యూగో, ఏడుగురు మొగుళ్లు, ఒక సీలియా

అందరికీ నమస్తే అండి. ఇవాళ ‘ది సెవెన్ హస్బెండ్స్ ఆఫ్ ఎవెలిన్ హ్యూగో’ గురించి మాట్లాడుకుందాం. టేలర్ జెన్కిన్స్ రీడ్ రాసిన ఈ నవల 2017లోనే వచ్చింది, కానీ అసలు గోల మొదలైంది 2021లో, టిక్‌టాక్‌లో జనం పట్టుకున్నాక. మన దగ్గర అప్పటికే టిక్‌టాక్ బ్యాన్ కాబట్టి ఆ గోల రీల్స్ మీదుగా మన దాకా వచ్చింది. అంత హడావుడి చేసే పుస్తకమంటే నాకు ముందే అనుమానం, అయినా చెప్తున్నా, చదవండి. స్పాయిలర్లు కొన్ని ఉంటాయి, వద్దనుకునేవాళ్లు ఇక్కడే ఆపేయండి.

79 ఏళ్ల మాజీ హాలీవుడ్ స్టార్ ఎవెలిన్, పెద్దగా పేరు లేని మోనిక్ అనే జర్నలిస్టును పిలిపించుకుని తన జీవితమంతా చెబుతుంది. ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు పిలిచిందని మోనిక్‌కి టెన్షన్. ఆ ముడి మాత్రం నేను విప్పను.

ఒక్కో భాగానికి ఒక్కో మొగుడి పేరు, ముందు ఒక బిరుదు. పాపం ఎర్నీ డియాజ్, వెర్రిబాగుల మిక్ రీవా, తెలివైన రెక్స్ నార్త్, ఇలా. ఆవిడ ప్రాణం పెట్టిన మనిషి సీలియా సెయింట్ జేమ్స్, తోటి హీరోయిన్. ఆమె పేరు మీద ఒక్క భాగం కూడా లేదు, చూశారా!

మిక్ రీవా ఘట్టం అయితే అదిరిపోయింది. ఎవెలిన్ సీలియాతో కలిసి సింగర్ మిక్ షోకి వెళ్లిందని, ఇద్దరి మధ్య ఏదో ఉందని గుసగుసలు మొదలవుతాయి, ఆ రోజుల్లో అది పాకితే ఇద్దరి కెరీర్లూ గోవిందా. దాంతో ఎవెలిన్ లాస్ వెగాస్‌లో ఆ సింగర్‌ని పట్టుకుని, పెళ్లి ఆలోచన వాడికే పుట్టినట్టు నడిపించి, రాత్రికి రాత్రి పెళ్లాడి వెంటనే వదిలించుకుంటుంది. పేపర్లకి కొత్త మేత దొరికింది, పాత గుసగుస ఆగింది. అబ్బ, ఏం బుర్ర అనుకుంటూ ఉంటామా, ఆ ఒక్క రాత్రి వల్లే సీలియా దూరమైపోతుంది. మధ్యమధ్యలో గాసిప్ కాలమ్స్ కూడా పెట్టారు, మన సినిమా వారపత్రికలు చదివి పెరిగినవాళ్లకి ఆ వెటకారం ఇట్టే పట్టుబడుతుంది.

ఇమేజ్ కోసం ఇంత చేస్తారా, ఇదంతా అతి అనిపిస్తే, నిజంగా ఉన్న పాత హాలీవుడ్ స్టార్ రీటా హేవర్త్‌ని గుర్తు తెచ్చుకోండి. అసలు పేరు మార్గరీటా కాన్సినో, తండ్రి స్పెయిన్ నుంచి వచ్చిన డాన్సర్. స్టార్‌ని చేయడానికి ఆమె జుట్టుకి రంగు వేయించారు, నుదురు వెడల్పుగా కనబడాలని ముందు వెంట్రుకల్ని కరెంటుతో కాల్చి తీయించారు, ఇంటిపేరు తల్లి వైపు నుంచి తెచ్చారు. ఎవెలిన్ కూడా క్యూబా వాళ్ల పిల్లే. హెరెరా కాస్తా హ్యూగో అయింది, జుట్టు బంగారు రంగుకి మారింది, ఇంట్లో మాట్లాడిన స్పానిష్ ఇంట్లోనే ఉండిపోయింది. నాకు పెళ్లిళ్లకంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంది, కానీ రచయిత్రి దీన్ని గబగబా దాటేశారు.

ఇంకో కంప్లైంట్ మోనిక్. ఎవెలిన్ కథ మంచి ఊపులో ఉండగా ఈ అమ్మాయి విడాకుల గొడవలోకి లాక్కొస్తారు, నేనైతే ఆ పేజీలు పరిగెత్తించేశా. సీలియా మహానటి అని పదేపదే చెప్తారు కానీ ఆ నటన నా కళ్లకి కట్టలేదు.

ఇంగ్లిష్ తేలికే, భయపడక్కర్లేదు. ఏడుగురిలో నా ఓటు నిర్మాత హ్యారీ కామెరాన్‌కి, మీ ఓటు ఎవరికో కింద రాయండి. ఎవెలిన్‌ని కొట్టిన మొగుడు డాన్ ఆడ్లర్‌కి వేసేవాళ్లతో మాత్రం నేను మాట్లాడను.