ఏ మందుకి పళ్లు పచ్చబడతాయి?

(బల్ల మీద స్టీలు గిన్నెలో తడి సున్నం, పక్కన సున్నం కొట్టి ఆరిన ఇటుక.)

నమస్కారమండీ. చెన్నై విల్లివాక్కంలో మా పై ఇంటి అమ్మాయి మొన్న కిందికొచ్చింది. "అక్కా, బాబుకి గొంతునొప్పికి అమాక్సిసిలిన్ రాశారు. రెండ్రోజులు పోసి ఆపేశాను. పళ్లు పచ్చబడతాయంట, మా అత్తయ్య చెప్పింది" అంది. మందుల షాపులో పనిచేస్తాను, ఈ మాట వారానికి నాలుగుసార్లు వింటాను. వినీ వినీ ప్రాణం విసిగి ఈ వీడియో చేస్తున్నా.

అత్తయ్య భయం ఊరికే పుట్టలేదు. టెట్రాసైక్లిన్ అని ఒక మందుల కుటుంబం ఉంది. అందులో మొదటిది, ఆరియోమైసిన్, 1948లో వచ్చింది. అప్పట్లో ఈ మందుల్ని పసిపిల్లలకీ ఇచ్చేవాళ్లు. వాళ్లలో చాలామందికి పళ్లు పసుపుగానో బూడిద రంగులోనో వచ్చాయి.

ఇదిగో, ఈ సున్నం చూడండి. సున్నంలో కాల్షియం, పంటిలోనూ కాల్షియమే. టెట్రాసైక్లిన్ కాల్షియం దొరికితే వదలదు. చిగురు లోపల పన్ను కట్టుకుంటున్నప్పుడు ఈ మందు రక్తంలో ఉంటే, ఇలాగే... (గిన్నెలో చిటికెడు పసుపురంగు పొడి వేసి కలపాలి.) ఇక ఈ సున్నం కొట్టిన గోడని ఎంత గీకండి, లోపలా అదే రంగు. పైగా పన్ను పసుపుగా మొలిచి, వెలుతురు తగిలేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది. నవ్వితే కనబడే ముందు పళ్లే ఎక్కువ ముదురుతాయి, అదీ బాధ.

ఇప్పుడు అదే పొడి ఆరిన ఇటుక మీద, అంటే కట్టుకోవడం అయిపోయిన పన్ను మీద అనుకోండి, చల్లుతున్నా. చూశారా, పైపైనే ఉంది. ఐరన్ సిరప్ తాగే పిల్లల పళ్ల మీద నల్లచారలు ఇలాంటివే, డెంటిస్టు శుభ్రం చేస్తే పోతాయి.

తడి సున్నం రోజులు, అంటే పళ్లు లోపల కట్టుకునే రోజులు, తల్లి కడుపులో నాలుగో నెల నుంచి బిడ్డకి ఎనిమిదేళ్లు వచ్చేదాకా. అందుకే గర్భిణులకీ ఈ మందులు సాధారణంగా రాయరు. అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ ఈ కుటుంబానివి కావు. సున్నంలో రంగు కలిసినట్టు పంటిలో కలిసే గుణం వాటికి లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. వానలయ్యాక మన చెన్నైలో స్క్రబ్ టైఫస్ జ్వరాలొస్తాయి. చంకలోనో గజ్జల్లోనో చెవి వెనకో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనబడొచ్చు. దానికి డాక్సీసైక్లిన్ రాస్తారు. అదీ టెట్రాసైక్లిన్ కుటుంబమే, కానీ కాల్షియాన్ని అంత గట్టిగా పట్టుకోదు. 21 రోజుల్లోపు అయితే ఏ వయసు పిల్లలకైనా ఇవ్వొచ్చని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2018లోనే చెప్పింది. పళ్ల కోసం ఆ మందు వద్దనకండమ్మా, ఆ జ్వరం ముదిరితే ప్రాణం మీదికొస్తుంది.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. నల్గొండ, ప్రకాశం వైపు బోరునీళ్లు తాగి పెరిగిన పిల్లలకి తెల్ల మచ్చలు, గోధుమ గీతలు వస్తాయి. అది ఫ్లోరైడ్. అదీ తడి సున్నంలోనే చేరుతుంది, మందుకి సంబంధం లేదు.

పై ఇంటి అమ్మాయి ఆ సాయంత్రమే డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన చెప్పాక మందు మళ్లీ మొదలుపెట్టింది. ఈ గిన్నె, ఇటుక పట్టుకుని రేపు అత్తయ్య దగ్గరికి నేనే వెళ్తున్నా.