తిరిగొచ్చినాయన బొమ్మ, రాలేనాయన పద్యం

నమస్కారం అండీ. స్క్రీన్ మీద ఉన్న ఈ పెద్దాయన్ని కాసేపు చూడండి. తల మీద టోపీ, మెడ చుట్టూ చక్రంలాంటి తెల్లటి కాలర్, దగ్గర్లో పుస్తకాలు. చూపు మాత్రం మన మీదే. పేరు అయిటెన్‌బోగార్ట్, డచ్ మతబోధకుడు. 1635లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ రాగి రేకు మీద చేసిన బొమ్మ ఇది.

దాని కింద నాలుగు లాటిన్ పంక్తులున్నాయి చూశారా? నన్ను కదిలించేవి అవే. రాసింది న్యాయశాస్త్ర పండితుడు హ్యూగో గ్రోషియస్.

1609లో డచ్ వాళ్లకి స్పెయిన్‌తో చేస్తున్న యుద్ధానికి 12 ఏళ్ల విరామం దొరికింది. బయట యుద్ధం ఆగింది, ఇంట్లో గొడవ ముదిరింది. ఎవరికి మోక్షమో దేవుడు ముందే రాసిపెట్టాడా, మనిషి ఇష్టానికి చోటుందా? చర్చిలో పుట్టిన ఈ వాదన రాజకీయమైపోయింది. సేనాధిపతి మారిస్ ఒక వైపు, పాలనలో పెద్ద తలకాయ ఓల్డెన్‌బార్నవెల్ట్ ఇంకో వైపు. 1619లో 71 ఏళ్ల ఓల్డెన్‌బార్నవెల్ట్ తల నరికించారు. మన మచిలీపట్నంలో వ్యాపారం చేసిన డచ్ కంపెనీ 1602లో ఏర్పడిందంటే ఆయన చొరవే ముఖ్యం. అలాంటి మనిషికే ఆ గతి! ఆయన పక్షాన ఉన్న అయిటెన్‌బోగార్ట్ దేశం వదిలి పారిపోయారు. అదే పక్షాన ఉన్న గ్రోషియస్‌కి ఒక కోటలో యావజ్జీవ ఖైదు. 1621లో భార్య మారియా ఆయన్ని పుస్తకాల పెట్టెలో దాచి కోట దాటించింది.

ఇక బొమ్మ సంగతి. రాగి రేకుకి మైనం పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో పెడతారు. గీసిన చోటల్లా యాసిడ్ రాగిని తింటుంది. ఆ గాట్లలో సిరా నింపి, తడి కాగితం వేసి ప్రెస్‌లో ఒత్తితే బొమ్మ దిగుతుంది. రంగుల చిత్రమైతే ఒక్క ఇంటి గోడకే. ఇది ఎన్ని ఇళ్లకైనా వెళ్తుంది. ఒకప్పుడు వెలివేసిన బోధకుడి ముఖం ఇంట్లో పెట్టుకోవడమంటే, మేం ఎవరి వైపో చెప్పుకోవడమే.

మారిస్ 1625లో చనిపోయాక పట్టు సడలింది. మరుసటి ఏడే అయిటెన్‌బోగార్ట్ వచ్చేశారు. గ్రోషియస్ కూడా 1631లో వచ్చి చూశారు, కానీ కొన్ని నెలలకే మళ్లీ వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ పద్యం చివర ఆయన హేగ్ నగరాన్నే పిలిచి, నీ అయిటెన్‌బోగార్ట్ నీ దగ్గరికి తిరిగొచ్చాడు అంటారు. ఆ మాట అచ్చయ్యేనాటికి ఆయన పారిస్‌లో స్వీడన్ రాయబారి.

ఆయన 1645లో జర్మనీలోని రోస్టాక్‌లో కన్నుమూశారు. సొంతూరు డెల్ఫ్ట్‌కి శవంగానే చేరారు.