అక్కకి మాటలు, తమ్ముడికి రైళ్ళు

శ్రోతలకు నమస్కారం.

పిల్లల్ని ఇంటి దగ్గరే చదివిద్దామనుకునే తెలుగు కుటుంబాలు బెంగళూరులో కనబడుతూనే ఉన్నాయి. మారతహళ్ళి అనండి, కె.ఆర్. పురం అనండి, బి.టి.ఎం. లేఅవుట్ అనండి, అందరూ ముందు అడిగేది ఒకటే. "ఇద్దరు పిల్లలండీ, ఇద్దరూ రెండు రకాలు. ఒక్కదాన్ని, ఇద్దరికీ ఎలా చెప్పను?"

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక ఇల్లు ఊహించుకుందాం. అక్కకి 11 ఏళ్ళు. మాటలన్నా బొమ్మలన్నా ఇష్టం, లెక్కలంటే మొహం ముడుచుకుంటుంది. తమ్ముడికి 8 ఏళ్ళు. వాడికి రైళ్ళు తప్ప మరో లోకం లేదు, పెన్సిలు పట్టుకోమంటే మంచినీళ్ళు కావాలంటాడు.

ముందు ఒక ముద్ర సంగతి తేల్చుకుందాం. ఫోన్లో పది ప్రశ్నల పరీక్ష ఒకటి రాయించి, "మావాడు చూసి నేర్చుకునే రకం, అమ్మాయి విని నేర్చుకునే రకం" అని తీర్మానించేసే అలవాటు బాగా పాకింది. ఆ తర్వాత వీడికి వీడియోలు, ఆ పిల్లకి ఆడియోలు. 2008లో హెరాల్డ్ పాష్లర్‌తో పాటు మరో ముగ్గురు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయం మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు తిరగేశారు. పిల్లల "రకం" చూసి బోధన మారిస్తే బాగా నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. పిల్లలందరూ ఒకటేనని దీని అర్థం కాదు. ఇష్టాలు వేరు, వేగం వేరు, ముందే తెలిసింది వేరు. ఎలా చెప్పాలన్నది మాత్రం చాలావరకు పాఠమే నిర్ణయిస్తుంది. ఎంత వినే రకం పిల్లయినా కర్ణాటక పటం చూడకుండా నేర్చుకోలేదు. ఎంత చూసే రకం పిల్లాడైనా రాగం వినే పట్టుకోవాలి.

ఎక్కాలే తీసుకోండి. పాటలా పాడించి ఏడో ఎక్కం నేర్పేశామని సంబరపడతాం. మర్నాడు "ఏడెనిమిదులు?" అంటే పిల్ల కళ్ళు పైకెత్తి ఏడొకట్ల నుంచి మొదలుపెట్టి పెదాలు కదుపుకుంటూ వస్తుంది. పాట వరస నేర్పింది, లెక్క నేర్పలేదు. పాడించండి, తప్పులేదు. వారం తర్వాత కింది నుంచి పైకి అడగండి, ఆ తర్వాత ఎక్కడపడితే అక్కడ అడగండి. మూడు సెకన్లలో జవాబు రాకపోతే ఆ లెక్క ఇంకా రానట్టే.

ఇక ఇద్దర్నీ కలిపి ఎలా నడపాలి? ఇద్దరికీ పని ఒకటే ఇచ్చి, ఎవరి కొలత వాళ్ళకి పెట్టాలి. నమ్మ మెట్రో ఊదా రంగు లైనునే చూడండి. వైట్‌ఫీల్డ్ కాడుగోడి నుంచి చల్లఘట్ట దాకా 43.49 కిలోమీటర్లు, 37 స్టేషన్లు. మొత్తం దారి 2023 అక్టోబరు 9 నుంచి నడుస్తోంది. రెండు స్టేషన్ల మధ్య సగటున ఎంత దూరం? తమ్ముడు ఉత్సాహంగా 37తో భాగిద్దామంటాడు. పెద్దవాళ్ళూ అదే తప్పు చేస్తారు. అప్పుడు "తప్పు" అనకండి. అయిదు చింతగింజలు వరసగా పెట్టించి, మధ్య సందులు లెక్కపెట్టమనండి. నాలుగే వస్తాయి. 37 స్టేషన్లకి సందులు 36. వాడికి దశాంశాలు రావు కాబట్టి "43 కిలోమీటర్లు, 36 సందులు, ఒక్కో సందు కిలోమీటరు కన్నా ఎక్కువా, తక్కువా?" అని అడిగితే చాలు. అక్క 43,490 మీటర్లని 36తో భాగించి 1,208 మీటర్లని చెప్పాలి. లెక్కంటే ముడుచుకునే ఆ మొహం, తమ్ముడు తప్పు చేసిన చోట తను ఒప్పు చెప్పే అవకాశం వచ్చేసరికి కాస్త విచ్చుకుంటుంది. ఈ పోటీని మరీ వాడుకోకండి, నెలకోసారి చాలు.

తర్వాత నిజంగా రైలెక్కండి. మామూలు రోజు, 11 గంటలు దాటాక అయితే కూచోడానికి చోటు దొరుకుతుంది. నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీయండి: స్టేషను పేరు, ఆగిన సమయం, కదిలిన సమయం. ఇక్కడ జరిగే పొరపాటు, గడియారం చూసి నిమిషాలు మాత్రమే రాయడం. రెండు స్టేషన్ల మధ్య ప్రయాణమే సుమారు రెండు నిమిషాలు. అందులో అరనిమిషం అటూ ఇటూ అయితే వేగం లెక్క మొత్తం పాడైపోతుంది. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి సెకన్లతో రాయించండి. పది స్టేషన్లు చాలు, ఆ తర్వాత వాడు కిటికీ చూసుకోవాలి.

అదే రైల్లో అక్క పని బోర్డుల మీద. తెలుగు లిపి వచ్చిన పిల్లకి కన్నడ లిపి సగం వచ్చినట్టే, రెండూ ఒక తల్లి పిల్లలు. మన తలకట్టు టిక్కు గుర్తులా పైకి లేస్తుంది, వాళ్ళది అడ్డంగా సాగి వంపు తిరుగుతుంది. ఆ తేడా ఒకసారి కంటికి ఆనితే చాలా అక్షరాలు వాటంతటవే విడిపోతాయి. నల్లూరుహళ్ళి, కుందలహళ్ళి, బెన్నిగానహళ్ళి, బైయప్పనహళ్ళి అని వరసగా చదివాక అడగండి: ఈ "హళ్ళి" మన భాషలో ఏమిటి? పల్లి, పల్లె. ఇంక ఆగదు. పాలు, హాలు. పులి, హులి. పువ్వు, హూవు. పండు, హణ్ణు. పది, హత్తు. పాత కన్నడంలో ఈ మాటలూ "ప"తోనే ఉండేవి, సుమారు వెయ్యేళ్ళ కిందట మొదలై క్రమంగా "హ" అయ్యాయి. రెండు వారాల్లో ఆ పిల్ల కన్నడ మాటలన్నిటికీ "ప" తగిలించడం మొదలుపెడుతుంది. అప్పుడు గరుడాచార్‌పాళ్య, సింగయ్యనపాళ్య స్టేషన్లు చూపించండి. మన పాలెమే పాళ్య, మరి "ప" ఎందుకు మారలేదు? జవాబు మీరు చెప్పక్కర్లేదు. ప్రతి సూత్రానికీ ఒక హద్దుంటుందని అక్కడ తెలిస్తే ఆ రోజుకి చాలు.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం. ఇడ్లీ పిండి కన్నా చవకైన ప్రయోగశాల లేదు. ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసులు ఇడ్లీరవ్వ, ఇక్కడే నిష్పత్తి పాఠం అయిపోయింది. పప్పు నాలుగైదు గంటలు నానబెట్టి, రుబ్బి, కడిగి పిండిన రవ్వ కలపండి. ఒకే సైజు గాజు సీసాలు మూడు తీసుకుని, ఒక్కోదాంట్లో సగానికి మించకుండా పిండి పోసి, పిండి మట్టం దగ్గర రబ్బరు బ్యాండు పెట్టండి. ఒకటి గట్టు మీద, ఒకటి దుప్పటి చుట్టి, ఒకటి ఫ్రిజ్‌లో. పడుకునేదాకా రెండు గంటలకోసారి, మళ్ళీ పొద్దున్నే, తమ్ముడు స్కేలుతో ఎన్ని సెంటీమీటర్లు పొంగిందో రాయాలి, అక్క పక్కన బుడగల బొమ్మ వెయ్యాలి.

ఎక్కడ చెడుతుందో చెబుతాను. మిక్సీలో రెండో వాయి మొదటిదానికన్నా వేడిగా వస్తుంది. ఒక్కో వాయి ఒక్కో సీసాలో పోస్తే అది సరైన పోలిక కాదు. మొత్తం ఒకే గిన్నెలో కలిపాకే పంచండి. మూత బిగిస్తే లోపల పుట్టే వాయువుకి దారుండదు, వదులుగా పెట్టండి. సగానికి మించి పోస్తే పొద్దున్న గట్టంతా పిండే. ఇక దుప్పటి చుట్టిన సీసా దగ్గర తమాషా జరుగుతుంది. దుప్పటి వేడి ఇస్తుందని పిల్లలు గట్టిగా నమ్ముతారు. అలాంటప్పుడు ఒట్టి చల్లనీళ్ళ సీసాకి దుప్పటి చుట్టి, రెండు గంటలాగి తాకి చూడమనండి.

డిసెంబరులో బెంగళూరు రాత్రులు 15, 16 డిగ్రీలకు దిగుతాయి. ఎండాకాలంలో ఎనిమిది గంటల్లో పొంగే పిండికి అప్పుడు పన్నెండు, పద్నాలుగు గంటలు పట్టొచ్చు. అదే కొలతతో చెన్నైలో పిన్ని వాళ్ళింట్లో పెట్టమని ఫోను చేయించండి. రెండు ఊళ్ళ అంకెలూ ఒకే కాగితం మీదకి వచ్చినప్పుడు గ్రాఫు ఎందుకు గీస్తారో వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట, ఇది కాస్త గట్టిగానే చెప్పాలి. పిల్ల ఇష్టంగా చేసే ప్రతి పనినీ పాఠంగా మార్చకండి. చీమల బారు చూస్తున్న పిల్ల పక్కన చేరి "చీమ మీద పది వాక్యాలు రాయి" అంటే, రేపటి నుంచి చీమల వంక చూడదు. వారంలో ఒకటి రెండు చోట్ల ఇష్టాన్ని చదువుకి వాడుకోండి, మిగతాది వాళ్ళ సొంతం. ఇష్టం చూసి వెంటనే ఆర్నెల్ల ఫీజు కట్టేసి క్లాసులో చేర్చడం కూడా వద్దు. 8 ఏళ్ళ వాడి రైళ్ళ పిచ్చి దీపావళికల్లా రాకెట్ల పిచ్చి కావచ్చు. కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ఉంది, హైగ్రౌండ్స్‌లో నెహ్రూ ప్లానెటోరియం ఉంది. టికెట్టు ఖర్చుతో ఇష్టం ఎంత లోతుందో తెలిసిపోతుంది. లాల్‌బాగ్ కొండరాయి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళు. దాని మీద కూచుని పల్లీలు తినడం కూడా చదువే, నోటుపుస్తకం ఇంట్లో వదిలేసి వెళ్ళండి.

రోజు ఎలా నడపాలంటే, ఇద్దర్నీ ఒకేసారి మొదలుపెట్టించకండి. అలా చేస్తే ఇద్దరూ ఒకేసారి పిలుస్తారు, ఇద్దరికీ మీరు సగమే దొరుకుతారు. తమ్ముడికి చదవడం ఇంకా తడబాటు కాబట్టి మొదటి ఇరవై నిమిషాలు వాడి పక్కన ఉండండి. ఆ సమయంలో అక్క, ముందు రోజు రాత్రే మీరు తీసి పెట్టిన పని ఒంటరిగా చేసుకోవాలి. ఆ పని కొత్తదై ఉండకూడదు, వచ్చినదాన్ని గట్టిపరిచేదై ఉండాలి. కొత్తదైతే రెండో నిమిషంలోనే "అమ్మా" అని పిలుపు వస్తుంది. తర్వాత మార్చుకోండి, ఆపైన ఇద్దరూ కలిసి చేసే పని. వాడికి మొత్తం రెండు గంటలు, ఆ పిల్లకి మూడు గంటలు కూచుని చేసే చదువు చాలు. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా బడి టైమ్‌టేబుల్‌ని హాల్లోకి తెచ్చిపెట్టిన ఇళ్ళల్లో రెండో నెలకే అందరికీ విసుగొస్తుంది. బడిలో ఆ సమయంలో చాలా భాగం నలభై మందిని కుదురుగా కూచోబెట్టడానికే పోతుంది, మీకు ఆ అవసరం లేదు.

నేర్చుకున్నది నిలవడానికి ఒక పెట్టె చేయండి. పాత పెళ్ళిపత్రికలు చీట్లుగా కత్తిరించి, వెనక వైపు ఒక్కో చీటీ మీద ఒక్కో ప్రశ్న రాయండి. స్వీటు డబ్బాలో మూడు అరలు: రోజూ చూసేవి, మంగళ శుక్రవారాల్లో చూసేవి, ఆదివారం చూసేవి. సరిగ్గా చెబితే చీటీ తర్వాతి అరలోకి వెళ్తుంది, తప్పితే మొదటి అరలోకి వచ్చేస్తుంది. 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. రోజుకి కొత్త చీట్లు అయిదు దాటనివ్వకండి. మొదటి రోజు ఉత్సాహంలో ముప్ఫై రాసిన ఇళ్ళల్లో పదో రోజుకి డబ్బా అటక మీదుంటుంది.

8 ఏళ్ళు దాటినా అక్షరాలు తారుమారు అవుతూ, చదివిన వాక్యం మళ్ళీ కొత్తగానే కనిపిస్తూ, నోటితో చక్కగా చెప్పేది రాతలోకి రాకపోతే, "వీడిది వేరే పద్ధతిలే" అని సరిపెట్టుకోకండి. ముందు కళ్ళు, చెవులు చూపించండి. అవి బాగుంటే డిస్‌లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) లాంటిదేమైనా ఉందేమో పరీక్ష చేయించాలి. హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. ఇలాంటి ఇబ్బంది, చట్టం భాషలో ప్రత్యేక అభ్యసన లోపం, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్నదే, ధ్రువపత్రం ఉంటే పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు.

చట్టం సంగతి క్లుప్తంగా. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. ఇంటి చదువుని అది పేరు పెట్టి అనుమతించలేదు, దానికి శిక్షా పెట్టలేదు. పదో తరగతికి చాలామంది పట్టుకునే దారి ఎన్.ఐ.ఓ.ఎస్., జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ. 14 ఏళ్ళు నిండాలి. అయిదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒక భాష. తెలుగు తీసుకోవచ్చు. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండు సార్లు, అయిదేళ్ళలో తొమ్మిది అవకాశాలు. ఒక్కో సబ్జెక్టూ విడిగా రాసుకోవచ్చు కాబట్టి అక్క రెండు భాషలు ముందు ముగించి, లెక్కలు తర్వాత రాయొచ్చు. చిత్రలేఖనం, కర్ణాటక సంగీతం కూడా సబ్జెక్టులే. ఇక్కడే చిక్కుంది. లెక్కలు తప్పనిసరి కాదు కదా అని వదిలేస్తే, రెండేళ్ళ తర్వాత ఆ పిల్ల ఇంజనీరింగు వైపు చూసినప్పుడు తలుపు మూసి ఉండొచ్చు. పి.యు.సి.లో, అంటే మన ఇంటర్‌లో, చేర్చే ఉద్దేశముంటే ఆ కాలేజీ ఏ కాగితాలు అడుగుతుందో ఒక ఏడాది ముందే కనుక్కోండి.

ఇంకొకటి. ఏదో ఒక రోజు పిల్లలే "బడికి వెళ్తాం" అనొచ్చు. వయసుకి తగిన తరగతిలో చేర్చుకోవాలని ఆ విద్యాహక్కు చట్టంలోనే ఉంది. అయినా బడివాళ్ళు ఇన్నాళ్ళూ ఏం చదివారని అడుగుతారు. అందుకని ఇప్పటినుంచే ఒక్కొక్కరికి 200 పేజీల పుస్తకం ఒకటి పెట్టండి. ఎడమ పేజీలో తేదీ, ఆ రోజు చేసింది రెండు వరసల్లో. కుడి పేజీలో వాళ్ళు చేసిందే అతికించండి: మెట్రో సెకన్ల పట్టీ, పిండి గ్రాఫు, హళ్ళి పల్లి జాబితా. తప్పులు దిద్ది మళ్ళీ రాయించిన శుభ్రమైన ప్రతి వద్దు. 37తో భాగించి కొట్టేసి, పక్కనే 36 అని రాసుకున్న ఆ కాగితమే అతికించండి.

నమస్కారం.